మూడుసార్లు అడిగిన పెద్దాయన

మా చిన్నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడ్డ ఏడాదే నేను డిగ్రీ పాసయ్యాను. ఊళ్ళోవాళ్ళు పలకరించడానికి వచ్చింది ఒక్కదానికే. రెండోది కూడా పలకరించదగ్గ సంగతేనని నెమ్మది మీద అందరికీ తెలిసింది.

చిన్నాన్న మా నాన్నకి ఆఖరి తమ్ముడు. తాతల నాటికి మా ఇంటిల్లిపాదీ అల్లవరం పక్క పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. తర్వాత మిషనరీల బడి పుణ్యమా అని నాన్న చదువుకుని మాస్టారయ్యాడు. చిన్నాన్నకి చదువు అబ్బలేదు, చెట్లు అబ్బాయి. కొబ్బరికాయల దింపుకి చుట్టుపక్కల తోటలవాళ్ళంతా ఆయన్నే పిలిచేవారు. ఏ తోటలో ఏ చెట్టు ఎటు ఒరిగిందో, దేని మొవ్వులో కందిరీగలు గూడు పెట్టాయో ఆయన బుర్రలోనే ఉండేది. పైకి వెళ్ళాక ప్రతి మట్టనీ కాలితో ఒకసారి తన్ని చూసి గానీ దాని మీద బరువు వేసేవాడు కాదు. అంత జాగ్రత్త మనిషి ఓ ముసురు రోజున, పెళ్ళివారికి బొండాలు కావాలని తోట ఆసామి తొందరపెడితే, చెట్టు తడిసి ఉందని తెలిసి కూడా, "ఆయ్, అలాగేనండి" అని ఎక్కాడు. కింద పడ్డాక కూడా పరిగెత్తుకొచ్చిన ఆసామితో, "ఏం లేదండి, తవరు కంగారు పడకండి" అన్నాడట.

నడుం దగ్గర వెన్ను విరిగింది. కాకినాడ పెద్దాసుపత్రిలో రెండు నెలలుంచుకుని ఇంటికి పంపేశారు. నడుం పైన మనిషి ఎప్పటిలాగే ఉన్నాడు. కింద లేడు.

పిన్ని ఇంటిపనికి మస్కట్ వెళ్ళింది. మా వైపు ఇది వింత కాదు. ఇంట్లో మగమనిషి మంచాన పడితే ఆడమనిషి పాస్‌పోర్టుకి ఫొటో తీయించుకుంటుంది. వాళ్ళకి పిల్లల్లేరు. చిన్నాన్నని, ఆయన మంచాన్ని మా పెంకుటింటి వీధిగదిలోకి తెచ్చారు. నేను మాస్టారి ఉద్యోగం పరీక్షకి చదువుతున్నానని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి కాబట్టి, ఖాళీగా ఉన్న మనిషి ఎవరనే చర్చ ఎక్కువసేపు నడవలేదు.

అమలాపురం నుంచి వ్యాయామాలు చేయించే ఆయన వారానికోసారి స్కూటరు మీద వచ్చేవాడు. మొదటిరోజే నాన్నని వరండాలోకి పిలిచి చెప్పాడు.

"చూడండి మాస్టారూ. వెన్ను విరిగినోళ్ళు వెన్ను వల్ల పోరండి. పుండు వల్ల పోతారు. ఒకే చోట పడుకుంటే కింద చర్మం కుళ్ళిపోద్దండి, ఆయనకి తెలీదు కూడాను. పొద్దున్నా సాయంత్రం కూర్చోవాలి. కూర్చుని రెండు చేతుల మీదా ఒళ్ళు పైకి లేపాలి, దింపాలి. అది చేస్తే ఇరవై ఏళ్ళు ఉంటాడండి. చెయ్యకపోతే..."

"చెయ్యకపోతే?" అన్నాడు నాన్న.

"చేస్తాడు లెండి," అన్నాడాయన మర్యాదగా.

చిన్నాన్న చెయ్యలేదు. గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెడితే అయిదు నిమిషాల్లో పక్కకి జారిపోయేవాడు.

"కూర్చుని ఏం చెయ్యాల్రా?"

"ఏం చెయ్యక్కర్లేదు చిన్నాన్నా. ఊరికే కూర్చోడమే."

"ఊరికే కూర్చోడానికి నువ్వున్నావు గదరా ఇంట్లో. ఇద్దరెందుకు?"

నేను దిండ్లు సర్ది మళ్ళీ కూర్చోబెట్టాను, మళ్ళీ జారాడు. మూడో నెలకి ఎడమ తుంటి మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఎర్రగా కనిపించింది. నాయనమ్మ దానికి కొబ్బరినూనె రాసి ప్రార్థన చేసింది. నేను పౌడరు జల్లాను. ఎవరి శాస్త్రం వారిది.

ఆ వేసవిలో మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన పక్క ఊరాయన పిన్ని పంపిన అట్టపెట్టె ఇచ్చి వెళ్ళాడు. సబ్బులు, పాలపొడి, ఒక తువ్వాలు. తువ్వాల్లో చుట్టి ఒక వీడియో గేము. దాంతోపాటు ఒక టేపు. ఉత్తరం రాయడం రాని పిన్ని ఎప్పుడూ మాటలు టేపులో పట్టి పంపేది.

"ఈళ్ళింట్లో పిల్లలు పాతదయ్యిందని పారేస్తంటే అడిగి తీసుకున్నానయ్యా. టీవీకి పెట్టుకుంటారంట. పొద్దుపోద్ది గదా. బాగా తింటున్నావా? సబ్బులు అక్కకి రెండివ్వు." అక్కంటే మా అమ్మ.

గేము పెట్టెతోపాటు ఒక్కటే ఆట వచ్చింది, పలకంత బిళ్ళ. దాని మీద బొమ్మ సగం చిరిగిపోయింది. టీవీకి తగిలించి చూస్తే తెర నిండా కోడి గీరినట్టు అక్షరాలు. అవి చైనావో జపానువో మాకు వారం దాకా తేలలేదు. పెట్టె వెనక జపాన్ అని ఇంగ్లీషులో ఉండబట్టి జపానువే అని నేను నిర్ణయించాను. చదువుకున్నవాడి నిర్ణయం కాబట్టి ఎవరూ కాదనలేదు.

అది మేం అమలాపురం ఎగ్జిబిషన్‌లో చూసిన ఎగిరి దూకే ఆట కాదు. పైనుంచి చూస్తున్నట్టు ఒక ఊరు. ఊళ్ళో జనం. మన మనిషి ఒకడు, తర్వాత వాడితో కలిసే ఇద్దరు, ముగ్గురూ ఒకరి వెనక ఒకరు పొలంగట్టు మీద వెళ్ళినట్టు వెళ్తుంటారు. ఊరు దాటి నాలుగు అంగలు వేస్తే చాలు, తెర నల్లబడి ఎదురుగా ఏదో ఒకటి వచ్చి నిలబడుతుంది. ఓ పీత. ఓ గబ్బిలం. లేకపోతే తాటిముంజెకి కళ్ళు వచ్చినట్టు ఉండేది ఒకటి. అప్పుడు మనం ఒక దెబ్బ కొట్టాలి, తర్వాత అది ఒక దెబ్బ కొడుతుంది. మన వంతు నడిచినంతసేపూ అది కదలదు. అంత మర్యాదైన కొట్లాట నేను మా జిల్లాలో కూడా చూడలేదు.

ఒక సాయంత్రం నేను మూడోసారి అదే ముంజె చేతిలో చచ్చిపోతుంటే వెనక మంచం మీంచి మాట వినబడింది.

"ఒరే, దాన్ని కొట్టకుండా మందు తాగుతావేంట్రా? అది ఇంకో దెబ్బకి పోద్ది. అంకె చూడు."

ఆ ఆటలో మాకు చదవడం వచ్చినవి అంకెలొక్కటే. ఎవరి ఒంట్లో ఎంత సత్తువ ఉందో మనం వాడే అంకెల్లోనే పడేది.

"నువ్వే ఆడు మరి," అన్నాను.

"ఇలా తే."

పడుకుని ఆడటం కుదరదు. టీవీ బల్ల ఎత్తులో ఉంది. నేను దాన్ని కావాలనే అక్కడ పెట్టానని చెప్పుకోవాలని ఉంది కానీ, ఇంట్లో వేరే బల్ల లేదు. చిన్నాన్న దిండు ఆనుకుని కూర్చున్నాడు. ఆటకున్న తీగ రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. గంటన్నర దాకా జారలేదు.

మర్నాడు నేనొక షరతు పెట్టాను. కొట్లాట అయినప్పుడల్లా రిమోటు పక్కన పెట్టి, రెండు చేతుల మీదా ఒళ్ళు ఒకసారి లేపాలి. గెలిచినా ఓడినా. "ఇదేం పితలాటకంరా," అన్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఆ ఆటలో నాలుగు అంగలకో కొట్లాట. పదిహేనేళ్ళు చెట్లెక్కిన చేతులు. రోజూ ఎన్నిసార్లు లేచేవాడో మేమిద్దరం లెక్కపెట్టడం మానేశాం. నెలకల్లా తుంటి మీద మచ్చ మాసిపోయింది. అమలాపురం ఆయన అది చూసి, నన్ను మెచ్చుకుని, ఇంకా ఇద్దరు ముగ్గురు పేషెంట్ల దగ్గరికి వస్తారా అని అడిగాడు. డిగ్రీ తర్వాత నాకు వచ్చిన మొదటి ఉద్యోగావకాశం అది.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, బాగానే ఉన్నాయి కాబట్టి.

ఒక్క అక్షరం రాకుండా ఒక దేశమంతా తిరగడం చిన్నాన్నకి వింతగా అనిపించలేదు. ఆయన బతుకంతా అలాగే తిరిగాడు. నేను నా పరీక్ష నోట్సులో వెనక పేజీల్లో ఆ ఊళ్ళకి బొమ్మలు గీసేవాణ్ణి. ఆయనకి అక్కర్లేదు. "కోటకాడ్నించి ఎడం పక్కకి పదకొండు అంగలు, అక్కడో చెట్టు, ఆ చెట్టు కింద గుహ," అని తోట చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఆటలో ఎవరింట్లోకైనా అడక్కుండా వెళ్ళి, వాళ్ళ పెట్టెలు తెరిచి, ఉన్నది పట్టుకురావచ్చు. ఇంటివాళ్ళు పక్కనే నిలబడి చూస్తుంటారు. నాయనమ్మకి ఇది బొత్తిగా నచ్చేది కాదు.

"అదేం పనిరా, ఆళ్ళ పెట్టి ఆళ్ళ ముందే తీస్తావు?"

"ఆళ్ళేం అనట్లేదే అమ్మా."

"అనరు. మర్యాదస్తులు. నీకుండొద్దా?"

ప్రతి ఊళ్ళోనూ తెల్ల అంగీ వేసుకున్న ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికెళ్తే మనం ఎంతదాకా వచ్చామో పుస్తకంలో రాసుకునేవాడు. మళ్ళీ పెట్టినప్పుడు అక్కణ్ణించే మొదలవుతుంది. ఆయన్ని మాత్రం నాయనమ్మ ఒప్పుకుంది. పాస్టరుగారని పేరు పెట్టింది. దూరంగా ఎక్కడ ఉరిమినా మా అమ్మ వంటింట్లోంచి "ప్లగ్గు తీసెయ్యండ్రా" అని కేక వేసేది. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే కేక. అందుకని మబ్బు పట్టిందంటే చాలు, మేం ఉన్నపని ఆపి పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తేవాళ్ళం.

ఎవరైనా ఏదైనా అడిగితే అక్షరాల కింద రెండు ముక్కలు వచ్చేవి. పైది నొక్కితే ఔను, కిందది కాదు. ఇది ఆటలో ఓ పూటకూళ్ళ ఇంట్లో కనిపెట్టాం. పైది నొక్కితే పడుకోబెట్టారు, కిందది నొక్కితే సాగనంపారు. తర్వాత ఓ రాజుగారు మమ్మల్ని ఏదో పని మీద పంపబోయాడు. సరదాకి కాదని నొక్కాం. మళ్ళీ అదే మాట అడిగాడు. మళ్ళీ కాదన్నాం. పదకొండుసార్లు కాదన్నాం, పదకొండుసార్లూ అదే మాట, అదే నవ్వుముఖం.

"అచ్చం మన ఆసాముల్లాగే ఉన్నాడ్రా," అన్నాడు చిన్నాన్న. "ఆయ్ అనే దాకా వదల్డు."

పన్నెండోసారి ఔనన్నాం. అప్పట్నించి మేం ఎవరినీ కాదనలేదు. ఔనంటే ఏదో ఒకటి జరిగేది, కాదంటే ఏమీ జరిగేది కాదు. మా వైపు మనుషులకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఇంట్లో మంచినీళ్ళు ఇచ్చినా రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకునే జాతి మాది. పెద్దవాళ్ళు నోరు తెరిచి అడిగాక కాదనడం అంటే వాళ్ళని వీధిలో నిలబెట్టడమే.

తుఫాను ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం, చిన్నాన్న మనుషులు ముగ్గురూ ఓడ ఎక్కి సముద్రం దాటారు. ఓడ కోసం నెలన్నర కష్టపడ్డాం. అది దొరికిన కబురు పిన్నికి టేపులో పట్టి పంపి, ముగ్గురూ గట్టిపడేదాకా ఇంకో నెల ఆగాం. ముగ్గురి అంకె ముప్ఫై ఒకటికి వచ్చింది. ఆ అంకె ఎంత పెద్దదైతే మనిషి అంత గట్టివాడు. ఓ చిన్న ద్వీపంలో దిగాం. ఒడ్డు నుంచి లోపలికి నలభై అంగల్లో రాతిగుడి లాంటిది. లోపల ఒక పాస్టరుగారు, ఆయన పక్కన ఎత్తు పీట మీద, గడ్డం నేలకి తగిలేలా ఒక పెద్దాయన.

పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. చివర్న రెండు ముక్కలు వచ్చాయి.

"ఏంట్రా అడుగుతున్నాడు?"

"ఏదో అడుగుతున్నాడు చిన్నాన్నా."

"అది నాకూ కనపడతంది. నువ్వు బీయస్సీ గదా."

"జపాను భాష మాకు సిలబస్‌లో లేదు."

చిన్నాన్న ఔనని నొక్కాడు. పెద్దాయన మళ్ళీ మాట్లాడాడు. మళ్ళీ రెండు ముక్కలు. చిన్నాన్న వేలు ఆగింది.

"ఔనన్నాక మళ్ళీ ఎందుకు అడుగుతున్నాడ్రా? ఇంతవరకూ ఎవడూ అలా అడగలేదు."

"పెద్దవాడు కదా, చెవుడేమో."

నవ్వాడు. నొక్కాడు. పెద్దాయన మూడోసారి అడిగాడు. ఈసారి మాటలు కొంచెమే, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగి ఆగి వచ్చాయి. బయట మబ్బులో ఉరిమింది.

చిన్నాన్న రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏదో ఉందిరా. తన్ని చూడాలిరా ఇది."

చెట్టు మీద మట్టని తన్ని చూసినట్టు అని ఆయన అర్థం. నాకది వెంటనే తెలిసింది. తెలిసే అన్నాను.

"ఏం లేదు చిన్నాన్నా. మూడుసార్లు అడిగించుకున్నాం, ఇంకా కాదంటే బాగోదు. ఉరుముతోంది కూడాను. ఆయ్ అనేయ్."

చదువుకున్నవాడు చెప్పాడు కాబట్టి ఆయన నొక్కాడు.

తెర తెల్లగా మెరిసింది. ఇంతకుముందెప్పుడూ వినని పాట వచ్చింది, చర్చిలో క్రిస్మస్‌కి వాయించేలాంటిది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దీవించాడన్నమాట. మిగతా ఇద్దర్నీ వదిలేస్తే బాగుండదు కదా. వాళ్ళనీ ఒక్కొక్కర్నే పెద్దాయన ముందు నిలబెట్టాం. ఒక్కొక్కరికీ మూడేసిసార్లు అడిగాడు, మూడేసిసార్లు ఆయ్ అన్నాం. పక్కనే ఉన్న పాస్టరుగారి దగ్గర రాయించుకున్నాం. వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. నేను ప్లగ్గు తీసేశాను. ఇవన్నీ అయిదు నిమిషాల్లో జరిగాయి. మా ఇంట్లో ఏ పనీ అంత చురుగ్గా జరగగా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్న గుడి బయటికొచ్చి మూడు అంగలు వేశాం. పీత ఎదురైంది. అది ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్కణ్ణి చంపింది. మొదటి వంతు దానిదే అయింది, మా వంతు రానే లేదు.

చిన్నాన్న షరతు ప్రకారం రిమోటు పక్కన పెట్టి ఒళ్ళు లేపి, దింపి, "అంకె చూడ్రా," అన్నాడు.

ముగ్గురికీ ముప్ఫై ఒకటి ఉండాల్సిన చోట ఒకటి ఉంది.

ఆ ఆటలో చచ్చిపోతే చివరి పాస్టరుగారి దగ్గరే లేస్తాం. ఆయన ఇక్కడున్నాడు. ఓడ నలభై అంగల అవతల ఒడ్డున కట్టేసి ఉంది. ఈ ద్వీపంలో పీతలు ముప్ఫై దాటినవాళ్ళ కోసం పెట్టినవి, అంకె ఒకటి ఉన్నవాళ్ళ కోసం కాదు. ఓడ ఎక్కితే పాత ఊళ్ళకి పోయి ముంజెల్ని కొట్టుకుంటూ మళ్ళీ పెరగొచ్చు. నలభై అంగలు నడవాలి, అంతే.

తొమ్మిది రోజులు ప్రయత్నించాం. ఏ అంగలో ఏది ఎదురవుతుందో చెప్పలేం, పారిపోదామంటే వెనక నుంచి కొడతాయి. ఐదు అంగలు. తొమ్మిది అంగలు. రెండు. చచ్చినప్పుడల్లా చిన్నాన్న లేచి దిగేవాడు, అలసిపోయి కాదు, షరతు తప్పడం ఇష్టంలేక. ఒకసారి ముప్ఫై నాలుగు అంగల దాకా వెళ్ళాడు. ఓడ తెర మీద కనబడుతోంది. నాన్న కూడా పేపరు మడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్ఫై అయిదో అంగలో తెర నల్లబడింది.

చిన్నాన్న చేతుల మీద లేచాడు, దిగాడు. రిమోటుకి తీగ చుట్టాడు, నీటుగా, దింపు అయ్యాక తాడు చుట్టుకున్నట్టు.

"ఇవాళ్టికి చాల్లేరా. పడుకోబెట్టు."

మర్నాడు కూర్చోలేదు. ఆ మర్నాడు కూడా.

అప్పటికి అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి వచ్చింది. నేను సైకిలు మీద వెళ్ళి, వరసగా మూడు రోజులు కూర్చుని, బొమ్మల్ని బట్టి మా ఆటని పోల్చుకున్నాను. ఎవరో ఒక దేశంకాని దేశంవాడు దాన్ని మొదట్నించి చివరిదాకా ఇంగ్లీషులో వివరంగా రాసిపెట్టాడు. పెద్దాయన అడిగింది కూడా రాశాడు. నీ బలమంతా ఇక్కడ వదిలేసి మళ్ళీ మొదటి మెట్టు నుంచి వేరే మనిషిగా మొదలుపెడతావా? నిజంగానా? పోయింది మళ్ళీ రాదు, ఆలోచించుకున్నావా? పక్కనే ఆ రాసినాయన సలహా ఒకటి. ఒడ్డుకి తీసుకెళ్ళే మంత్రం నేర్చుకోకుండా ఇక్కడ ఔననొద్దు, ముగ్గుర్నీ ఒకేసారి అసలొద్దు. ఎవరూ అంత తెలివితక్కువ పని చెయ్యరు గానీ, అని బ్రాకెట్లో.

ఇంటికొచ్చి చెప్పాను. బ్రాకెట్లోది తప్ప.

చిన్నాన్న పైకప్పు పెంకుల వైపు చూస్తూ విన్నాడు. "చెప్పేడన్నమాట," అన్నాడు. "మూడుసార్లు చెప్పేడు. ఆయన తప్పేం లేదురా." తర్వాత, "నీ తప్పు కూడా లేదులే," అన్నాడు. రెండో మాట ఆయన అనకపోయినా బాగుండేది.

నేను మొదట్నించి మళ్ళీ ఆడటం మొదలుపెట్టాను. పాస్టరుగారి పుస్తకంలో ఇంకో పేజీ ఖాళీగా ఉంది, అందులో. దారంతా తెలుసు, ఇంగ్లీషు కాగితాలు చేతిలో ఉన్నాయి. పరీక్ష పుస్తకాలు ముట్టుకోకుండా రోజంతా ఆడాను. ఎనిమిది నెలల దారిని నలభై రోజుల్లో నడిచాను. ముగ్గుర్నీ ముప్ఫై ఒకటికి తెచ్చాను. అదే ఓడ, అదే ద్వీపం, అదే గుడి. పెద్దాయన అడిగితే కాదన్నాను. ఒక్కసారికే ఊరుకున్నాడు.

"చిన్నాన్నా, చూడు. ఎక్కడ పోయిందో అక్కడికి తెచ్చేను. ఇదిగో రిమోటు."

తల తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పేరేంట్రా అలా ఉంది?"

మొదట్లో మనిషికి పేరు పెట్టమంటుంది ఆట. తన ఆట మొదలుపెట్టినప్పుడు ఆయన ఆ అక్షరాల్లోంచి నచ్చినవి నాలుగు ఏరి పెట్టాడట. నేను పక్కనే ఉన్నాను, చూడలేదు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు చేతికొచ్చినవి నొక్కేశాను.

"పేరుదేముంది చిన్నాన్నా, మనిషి ఒకడే కదా. బట్టలు కూడా అవే."

"బాగా పెంచేవురా," అన్నాడు, పక్కింటివాళ్ళ పిల్లాణ్ణి చూసి అన్నట్టు. "మనోడు ఆ ద్వీపంలోనే ఉన్నాడు గదా. వీడెవడో వేరే." రిమోటు తీసుకోలేదు. "నువ్వాడుకో. నాకు పాట వినపడతంది."

నేను ఆడుకోలేదు. పీకి పెట్టెలో పెట్టేశాను. కూర్చోబెట్టడానికి ఆ తర్వాత నేను చేసిన ప్రయత్నాలన్నీ చెప్పను. బతిమాలాను, నాన్న కసిరాడు, నాయనమ్మ ఏడ్చింది. అందరికీ "ఆయ్, రేపు కూర్చుంటాను" అనేవాడు. ఎవరినీ కాదనలేదు. ఎత్తి కూర్చోబెడితే కూర్చునేవాడు, చెయ్యి వదలగానే జారిపోయేవాడు.

అలాంటి ఒక రోజున పిన్ని టేపు వచ్చింది. ఆవిడ ఎప్పుడో తుఫాను ముందు మాట్లాడింది. సెలవు మీద వచ్చే మనిషి దొరికేదాకా మస్కట్‌లోనే ఆగి, ఇప్పటికి చేరింది.

"ఓడ దొరికిందంట గదా! అబ్బాయి టేపులో చెప్పేడు. ఈ ఇంట్లో పెద్దబ్బాయినడిగితే, ఓడ దాకా ఎళ్ళేరంటే గట్టోళ్ళేనమ్మా అన్నాడు. నీ గొంతు కూడా బాగుందయ్యా, కూర్చుని మాట్లాడేవు గదా, తెలుస్తంది. పుండు లేదంట గదా. నేను రోజూ స్తోత్రం చెప్పుకుంటున్నాను. అట్టే ఆడు. కళ్ళు నొప్పెడితే ఆపు."

నేను టేపు ఆపబోయాను. చిన్నాన్న వద్దని చెయ్యెత్తాడు. చివరిదాకా విని, "జవాబేం పట్టకు ఇప్పుడు," అన్నాడు. "ఇంకా మంచి మనిషి దొరికినప్పుడు పంపుదాం." మంచి మనిషి అంటే మస్కట్ వెళ్ళేవాడు. ఆ నెలలో మా చుట్టుపక్కల నుంచి నలుగురు వెళ్ళారు.

మచ్చ మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు తుంట్ల మధ్య, వెన్ను అడుగున. నూనె, పౌడరు, అమలాపురం ఆయన ఇచ్చిన ఆయింట్‌మెంటు. వారంలో చర్మం విడిపోయింది. రెండు నెలలకి అందులో ఎముక కనిపించింది. చలి, జ్వరం పట్టుకున్నాయి. వ్యానులో పరుపు వేసి కాకినాడ తీసుకెళ్ళాం. దారిలో ప్రతి కుదుపుకీ డ్రైవరు వెనక్కి తిరిగి, "సారీ అండి" అంటుంటే, ఆయన, "పర్లేదండి, నాకు తెలీదు గదా" అన్నాడు.

ఆసుపత్రిలో చూసిన డాక్టరు దాదాపు నా వయసువాడే. చాలా నెమ్మదస్తుడు. పుండు చూసి, చేతులు పట్టుకుని చూసి, మంచం పక్కనే నిలబడి కాగితం మీద రాసుకుంటూ నన్ను అడిగాడు.

"దగ్గరుండి చూసుకునేది ఎవరండీ?"

"నేనేనండి. అన్నగారి అబ్బాయిని."

"చదువుకున్నారా?"

"బీయస్సీ అండి."

"ఈ చేతులు చూడండి. పడ్డాక నెలల తరబడి ఈయన బ్రహ్మాండంగా వ్యాయామం చేశాడు. ఇలాంటి కేసుల్లో ఇంత బాగా చేసినవాళ్ళని నేను చూళ్ళేదు. మరి ఉన్నట్టుండి ఎందుకు మానేశాడు?"

సరైన జవాబు నాకు తెలుసు. ఒక ద్వీపంలో ఒక పెద్దాయన మూడుసార్లు అడిగాడు, నేను ఔననమన్నాను. కానీ ఆ కాగితంలో అది రాసే గడి లేదు. అదీగాక అది చెబితే డాక్టరు నన్ను కూడా పక్క మంచం మీద పడుకోమనేవాడు.

"తెలీదండి," అన్నాను.

చిన్నాన్న జ్వరంలోనే కళ్ళు తెరిచాడు. "మావోణ్ణేం అడక్కండి డాక్టరుగారూ. చెప్పేడండి, చాలాసార్లు చెప్పేడు. నేనే వద్దన్నానండి."

డాక్టరు తల ఊపి, ఇంగ్లీషులో ఒక ముక్క రాశాడు. వ్యాయామానికి రోగి నిరాకరించాడు అని. ఆపరేషను చేసి చూస్తామని, గ్యారంటీ ఏమీ ఇవ్వలేమని, అవి కూడా కింద రాసి, కాగితం నా వైపు తిప్పి, పెన్ను ఇచ్చాడు.

నాన్న మందుల కోసం కిందికి వెళ్ళాడు. చిన్నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన నాలుగు రోజులున్నాడు.

"సంతకం పెట్టండి," అన్నాడు డాక్టరు.

ఇంగ్లీషు కాబట్టి నాకు చదవడం వచ్చు. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. పెట్టాను.